ఫ్యూచురా బోల్డ్ ఆబ్లిక్: నాలుగు మాటలు చాలనుకునే అక్షరం

తెలుగు అచ్చుపనిలో ఇంగ్లిషు అక్షరాల ఎంపిక సాధారణంగా ఆఖరి నిమిషపు వ్యవహారం. తెలుగు శీర్షికకు ఏ ఫాంటు నప్పుతుందో గంటసేపు వెతికినవారు కూడా, దాని పక్కన రావలసిన ఇంగ్లిషు పేరుకు ఏరియలో టైమ్సో పెట్టేసి, కాస్త ఊపు కావాలనిపిస్తే బోల్డ్, ఇటాలిక్ బటన్లు రెండూ నొక్కి ఊరుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే చేశాను. బటన్లు నొక్కి లావుగా, వాలుగా మార్చిన అక్షరానికీ, మొదటినుంచీ లావుగా వాలుగా ఉండాలనే గీసిన అక్షరానికీ ఉన్న తేడా ఫ్యూచురా బోల్డ్ ఆబ్లిక్‌ను డబ్బు పెట్టి కొన్నాక గాని నాకు పూర్తిగా తెలియలేదు. ఏడాదిన్నరగా దానిని బ్యానర్లకు, పుస్తకాల అట్టలకు, వాహనాల మీది రేడియం స్టిక్కర్లకు, ఒక హోటల్ మెనూ కార్డుకు కూడా వాడి చూశాను. కొన్నిచోట్ల ఇంతకు మించినది లేదనిపించింది. మెనూ కార్డు విషయంలో మాత్రం నా పని నాకే నచ్చలేదు.

ఫ్యూచురా జర్మనీలో పుట్టిన అక్షరం. పౌల్ రెన్నర్ దానిని గీయడం 1924లో మొదలుపెట్టగా, అచ్చు అక్షరాలు పోతపోసే ఫ్రాంక్‌ఫర్ట్ సంస్థ బావర్ టైప్ ఫౌండ్రీ 1927లో విడుదల చేసింది. చేతిరాత జాడ అక్షరంలో కనిపించకూడదని, వృత్తమూ సరళరేఖా మాత్రమే మిగలాలని రెన్నర్ పట్టుబట్టాడు. ఆయన తొలి నమూనాలలో ఇంగ్లిషు చిన్న ఆర్ అక్షరం ఒక నిలువు గీత, దాని పక్కన గాలిలో వేలాడే ఒక చుక్క, అంతే. అటువంటి విపరీతాలను తరువాత పక్కన పెట్టారు గాని, ఆ పట్టుదల మాత్రం ఇప్పటి ఫైళ్లలోనూ కనిపిస్తుంది. చిన్న జే అక్షరానికి కింద కొక్కెం ఉండదు. చుక్క పెట్టిన గీతను కిందికి సాగదీసి వదిలేశారు. చిన్న యూ అక్షరానికి కుడివైపు తోక ఉండదు. చిన్న ఏ అక్షరం ఒక గుండ్రానికి గీత ఆనించినట్టు ఉంటుంది.

చేతిరాతను ఇంతగా తోసిపుచ్చిన అక్షరానికి ఇటాలిక్ ఎలా ఉండాలన్నది చిక్కు ప్రశ్నే. ఇటాలిక్ అనేది పుట్టుకతోనే చేతిరాత. వెనిస్‌లో ఆల్డస్ మానూషియస్ అచ్చుశాల కోసం ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన మొదటి ఇటాలిక్ అక్షరాలు, 1501లో పుస్తకరూపంలో వచ్చినవి, అప్పటి పండితుల వేగపు రాతను అనుసరించినవే. అందుకే సిసలైన ఇటాలిక్‌లో వాలుతో పాటు అక్షరం ఆకారమే మారుతుంది. ఉచితంగా దొరికే ఓపెన్ సాన్స్ ఫాంటులో చూడండి: నిటారుగా ఉన్నప్పుడు రెండంతస్తులుగా కనిపించే చిన్న ఏ, ఇటాలిక్‌లో ఒక్క గుండ్రంగా మారిపోతుంది. ఫ్యూచురాలో మారడానికి ఏమీ లేదు. దాని ఏ మొదటినుంచీ ఒక్క గుండ్రమే. కనుక దాని వాలు రూపం కేవలం వాలిన రూపం. ఇటాలిక్ అనకుండా ఆబ్లిక్, అంటే ఏటవాలు, అని పేరు పెట్టడంలో నిజాయితీ ఉంది.

కేవలం వాలినదే అయితే డబ్బు పెట్టి కొనడమెందుకు, నిటారు బోల్డ్‌నే సాఫ్ట్‌వేర్‌లో వంచుకుంటే సరిపోదా అన్న సందేహం నాకూ వచ్చింది. అందుకని నిటారు బోల్డ్‌లోని పెద్ద ఓ అక్షరాన్ని అంతే కోణంలో వంచి, ఆబ్లిక్ ఓ మీద వేరే రంగులో పరిచి చూశాను. యంత్రం వంచిన ఓ అక్షరంలో కుడి పైమూల, ఎడమ కిందిమూల ఉబ్బిపోతాయి. ఎడమ పైమూల, కుడి కిందిమూల పలచబడతాయి. గుండ్రం ఒక పక్కకు లాగిన రబ్బరు ఉంగరంలా తయారవుతుంది. గీసిన ఆబ్లిక్‌లో ఆ ఉబ్బును తగ్గించి, పలచబడిన చోట కొంత కండ పెట్టారు. కాబట్టి అక్షరం వాలినా గుండ్రం గుండ్రంగానే తోస్తుంది. సన్నటి అక్షరాలలో ఈ తేడాను కంటితో పట్టుకోవడం కష్టం. అక్షరం లావయ్యేకొద్దీ తప్పు కూడా లావవుతుంది. పది అడుగుల ఫ్లెక్స్ మీద వంచిన ఓ, గీసిన ఓ పక్కపక్కన ఉంటే అక్షరాల గురించి ఏమీ తెలియని దుకాణదారు కూడా మొదటిదానిని చూపించి ఇదేదో వంకరగా ఉందని అంటాడు. నాతో అన్నాడు కూడా.

లావు విషయంలోనూ కొంత చెప్పుకోవాలి. నేను కొన్న ఫ్యూచురా కుటుంబంలో, అంటే ఒకే ఫాంటు వేర్వేరు లావుల సమితిలో, లైట్, బుక్, మీడియం, హెవీ, బోల్డ్, ఎక్స్‌ట్రా బోల్డ్ అని ఆరు మెట్లున్నాయి. బోల్డ్ అందులో అయిదవది. సన్నటి మెట్లలో పెద్ద ఏ, ఎమ్, వీ అక్షరాల కొనలు సూదిలా ఉంటాయి. బోల్డ్‌కు వచ్చేసరికి ఆ కొనలను చదునుగా కోసేశారు. ఫ్యూచురాలోని నాజూకుతనం చాలావరకు ఆ సూదికొనలలోనే ఉంది కనుక, బోల్డ్‌లో అది పోయి దాని స్థానంలో ఒక మొండితనం వస్తుంది. దానికి వాలు తోడైతే మొండితనం ముందుకు అడుగేసినట్టు ఉంటుంది. పెద్ద అక్షరాల వెడల్పులు ఎక్కువ తక్కువలుగా ఉండడం మరో విశేషం: ఓ, సీ, జీ వెడల్పు, ఈ, ఎఫ్, ఎల్, ఎస్ ఇరుకు. ఈ కొలతలు పాత రోమన్ శిలాశాసనాలలోని పెద్ద అక్షరాల నుంచి వచ్చినవి. లావు పెరిగినప్పుడు ఈ తేడా కొంత తగ్గినా, పూర్తిగా చెరిగిపోలేదు. ఒకే ఇటుక అచ్చులో పోసినట్టు కనిపించే ఇతర లావు అక్షరాల మధ్య ఫ్యూచురాను దూరం నుంచి గుర్తుపట్టగలగడానికి ఇదొక కారణం.

ఈ అక్షరం స్వభావం ఏమిటని అడిగితే, ఇది ఎదుటి మనిషి ముఖంలోకి చూసి చెప్పే మాట అంటాను. అరుపు కాదు, అరిచే అక్షరాలు వేరే ఉన్నాయి, సర్కసు పోస్టర్లలో చూస్తుంటాము. ఇది గొంతు పెంచకుండా గట్టిగా చెబుతుంది. ఈ గుణాన్ని లోకానికి పట్టించినది అమెరికన్ చిత్రకారిణి బార్బరా క్రూగర్. పత్రికలలో పేజీలు దిద్దే పనిలో కొన్నేళ్లు గడిపిన ఆమె, నలుపు తెలుపు ఫొటోల మీద ఎర్రటి పట్టీలు పెట్టి, వాటిలో తెల్లటి ఫ్యూచురా బోల్డ్ ఆబ్లిక్‌తో నేను, నువ్వు, మేము అంటూ సూటిగా మాట్లాడే చిన్న వాక్యాలు వేసింది. వినియోగ సంస్కృతిని ఎత్తిపొడవడానికి ఆమె స్థిరపరచిన ఈ ఎరుపు తెలుపుల పద్ధతే, 1994లో న్యూయార్క్‌లో మొదలైన సుప్రీమ్ అనే బట్టల సంస్థ చిహ్నంగా మారి, చొక్కాలు అమ్మడానికి పనికివచ్చింది. అక్కడ వాడినది ఒక మెట్టు తక్కువ లావున్న హెవీ ఆబ్లిక్. వ్యంగ్యం చేసినవారి గొంతునే వ్యాపారం అరువు తెచ్చుకోవడం వింతగానే ఉంటుంది. అయితే రెండుచోట్లా అక్షరం ఒకే పని చేసింది: తక్కువ మాటలను తిరుగులేని మాటలుగా నిలబెట్టింది.

వాలు లేకపోతే ఈ గొంతు ఇలా ఉండదు. 1969లో అపోలో 11 యాత్రికులు చంద్రుడి మీద వదిలివచ్చిన ఫలకం మీద ఉన్నదీ ఫ్యూచురాయే, నిటారు పెద్ద అక్షరాలలో. అక్కడ అది శాసనంలా నిశ్చలంగా ఉంటుంది. దానినే లావు చేసి ముందుకు వంచండి, నిశ్చలత పోయి నిలదీత వస్తుంది. ఇంత అధికారంగా పలికే అక్షరాన్ని గీసిన రెన్నర్ మాత్రం అధికారానికి ఎదురు నిలిచినవాడు. నాజీల సాంస్కృతిక విధానాన్ని విమర్శిస్తూ 1932లో చిన్న పుస్తకం ప్రచురించి, మరుసటి ఏడాది అరెస్టయి, మ్యూనిక్‌లో అచ్చువిద్యాలయ బాధ్యతను పోగొట్టుకున్నాడు. అక్షరానికీ దానిని గీసిన మనిషికీ పోలిక వెతకకూడదనుకుంటూనే ఈ సంగతి గుర్తుచేసుకుంటూ ఉంటాను.

ఇక వాడకం. నాకు బాగా కుదిరిన పని ఒక రాష్ట్రస్థాయి బ్యాడ్మింటన్ పోటీల బ్యానరు. నాలుగు ఇంగ్లిషు మాటలు, అన్నీ పెద్ద అక్షరాలు, ముదురు పట్టీ మీద తెలుపు. అక్షరాల మధ్య ఎడం ఫైలులో ఉన్నదానికన్నా కొద్దిగా తగ్గించాను, ఎందుకంటే ఆ ఎడం పుస్తకం సైజులకు సరిపోయేదే గాని రోడ్డు మీద నిలబడి చూసే సైజుకు మరీ వదులవుతుంది. రోడ్డుకు అవతలి నుంచి కూడా బ్యానరు ఒక్క చూపులో చదవగలిగేలా వచ్చింది.

విజయవాడ పేరు వేయవలసి వచ్చినప్పుడు మాత్రం చెమట పట్టింది. ఆ పేరును ఇంగ్లిషు పెద్ద అక్షరాలలో రాస్తే పదింటిలో నాలుగు ఏలే. వాటికి తోడు వీ, వై, డబ్ల్యూ. అన్నీ ఏటవాలు గీతల అక్షరాలు. ముందుకు వంచినప్పుడు పెద్ద ఏ అక్షరంలో ఎడమ కాలు బాగా పడుకుంటుంది, కుడి కాలు దాదాపు నిటారుగా నిలుస్తుంది. వీ అక్షరంలో సరిగ్గా దీనికి వ్యతిరేకం. వరుసగా పెడితే ఒకచోట గుంట, ఒకచోట ఇరుకు. ఫైలులో జంటల వారీగా ఎడాలు దిద్దే ఉన్నా, పెద్ద సైజులో మళ్లీ చేత్తో సర్దవలసిందే. మన ఊళ్ల పేర్లు ఇంగ్లిషులో 'ఏ' అనే అక్షరంతోనే నిండి ఉంటాయన్న సంగతి ఈ ఫాంటు కొన్నాకే నాకు తట్టింది.

రేడియం స్టిక్కర్లకు ఇది చక్కగా ఒదుగుతుంది. గీతలన్నీ లావు, కొసల్లో తోకలు లేవు, కాబట్టి కటింగ్ యంత్రం బ్లేడు ఎక్కడా తడబడదు, అనవసరమైన రేడియం ముక్కలు ఊడదీసేటప్పుడు అక్షరం చిరగదు. అరంగుళం కన్నా చిన్నగా కోస్తే మాత్రం ఇంగ్లిషు చిన్న 'ఈ' అక్షరం లోపలి ముక్క నిలవదు. సరుకు రవాణా వ్యాను మీద వేసినప్పుడు ఇంకొక సంగతి బయటపడింది. వాలు అక్షరం వేగాన్ని సూచిస్తుందని అందరమూ అనుకుంటాము. వ్యాను కుడిపక్కన అది నిజమే, అక్షరం బండి పోయే దిక్కుకే వాలి ఉంటుంది. ఎడమపక్కన అదే అక్షరం బండి వెనకవైపుకు వాలుతుంది. వ్యాను ముందుకు పోతుంటే పేరు వెనక్కి జారుకుంటున్నట్టు ఉంటుంది. యజమాని దానిని గమనించలేదు. గమనించిన నాకు మాత్రం ఆ బండి ఎదురైనప్పుడల్లా చూపు ముందుగా ఎడమపక్కకే పోతుంది.

మెనూ కార్డు కథ వేరు. వంటకాల పేర్లన్నీ ఈ అక్షరంలోనే, చిన్న సైజులో వేశాను. అది పూర్తిగా నా పొరపాటు. చిన్న ఓ ఒక గుండ్రం, ఏ, డీ, బీ, పీ అదే గుండ్రానికి గీతను అటూ ఇటూ ఆనించినవి కావడం వల్ల, లావు పెరిగి, లోపలి ఖాళీలు తగ్గి, పైగా వాలు కూడా చేరితే మసక వెలుతురులో అన్నీ ఒకే పూసల దండలా కనిపిస్తాయి. పెసరట్టో పొసరట్టో తేల్చుకోవడానికి ఒక పెద్దాయన కార్డును దీపం దగ్గరకు పట్టుకుని చూడడం నా కళ్లారా చూశాను. న్యూస్‌ప్రింట్ మీద, సిరా పీల్చుకునే కాగితం మీద, ఈ ఖాళీలు ఇంకా త్వరగా పూడుకుపోతాయి. పన్నెండు పాయింట్ల కన్నా తక్కువ సైజులో దీనిని వాడకపోవడం మేలు. ఒక పేరా పొడవునా వాడడం అయితే ఏ సైజులోనూ తగదు. వాక్యం రెండవ పంక్తిలోకి పోయేసరికే చదివేవారికి ఎవరో తమను మందలిస్తున్నట్టు అనిపిస్తుంది. పేరాలో ఒక మాటను లావుగా, వాలుగా ఎత్తి చూపించవలసి వస్తే ఓపెన్ సాన్స్ బోల్డ్ ఇటాలిక్ వంటిది ఎంతో మర్యాదగా ఆ పని చేస్తుంది.

తెలుగు పక్కన దీనిని పెట్టడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా పొరబడేది అక్కడే. ఇంగ్లిషు పంక్తి వాలింది కాబట్టి జతగా తెలుగు పంక్తిని కూడా వంచేయడం మన ఫ్లెక్సుల మీద రోజూ కనిపించే దృశ్యం. తెలుగు అచ్చుకు ఇటాలిక్ సంప్రదాయం లేదు. ఒక మాటను ఎత్తి చూపాలంటే లావు చేస్తాము, సైజు పెంచుతాము, రంగు మారుస్తాము. పైగా మన తలకట్టు స్వతహాగా కుడివైపుకు ఎగసే ఏటవాలు గీత. నిటారు అక్షరం మీద ఆ వాలు అందంగా ఉంటుంది. అక్షరమంతా వంగితే తలకట్టు ఇంకా పడుకుని పక్క అక్షరం తలకట్టును తాకబోతుంది. ఒత్తుల సంగతి మరీ అన్యాయం. పంక్తి అడుగుగీతను ఆధారం చేసుకుని వంచుతారు గనుక గీతకు పైనున్నవి కుడికి, కిందనున్నవి ఎడమకు జరుగుతాయి. నేను చేసిన బ్యానరులోనే రాష్ట్రస్థాయి అన్న మాటను పరీక్షకు వంచి చూశాను. ష కింద ఉండవలసిన ట ఒత్తు, దాని పక్కన ఉండవలసిన క్రావడి, అంటే ర ఒత్తు, రెండూ రా కిందికి జరిగాయి. స్థా మీది దీర్ఘం ఎదురుగా యి నెత్తి మీదికి వాలింది. మాట చదవగలిగేలానే ఉంది, కాని కొండచరియ విరిగి జారుతున్నట్టు ఉంది.

అందుచేత తెలుగును నిటారుగానే ఉంచి, లావును మాత్రం జత కలపడం నా పద్ధతి. హింద్ గుంటూరు బోల్డ్ అనే తెలుగు ఫాంటు ఈ పనికి బాగుంటుంది. గీత లావు అంతటా దాదాపు సమానం, ఆకారాలలో ఆర్భాటం లేదు, ఫ్యూచురా మొండితనానికి తగ్గ నిబ్బరం ఉంది. వెడల్పును కూడా సర్దుకోవాలనుకునేవారికి ఎక్ టైప్ సంస్థ వారి అనేక్ తెలుగు ఫాంటు అనుకూలం, ఎందుకంటే అందులో లావుతో పాటు వెడల్పులో కూడా మెట్లున్నాయి. రామభద్ర వంటి బాగా లావైన శీర్షిక అక్షరాలను పక్కన పెడితే ఇద్దరు పెద్దమనుషులు ఒకేసారి మాట్లాడినట్టు అవుతుంది. సైజు విషయంలో, ఇంగ్లిషు పెద్ద అక్షరం ఎత్తును తలకట్టుతో కలిపిన క ఎత్తుకు సమానంగా పెట్టి, అక్కడినుంచి ఇంగ్లిషును కొద్దిగా తగ్గిస్తాను. ఒత్తులకూ గుడులకూ చోటు కావలసిన తెలుగు అక్షరం పక్కన ఏ అడ్డూ లేని ఇంగ్లిషు పెద్ద అక్షరాలు అసలు సైజు కన్నా పెద్దవిగా తోస్తాయి.

కొనేవారు ముందుగా చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఫ్యూచురా ఒకటి కాదు. లైనోటైప్, బిట్‌స్ట్రీమ్, న్యూఫ్‌విల్ వంటి సంస్థలు వేరువేరుగా తయారుచేసిన ప్రతులు ఉన్నాయి, మోనోటైప్ 2020లో ఫ్యూచురా నౌ పేరుతో మరొక పెద్ద కుటుంబాన్ని తెచ్చింది. బోల్డ్ అన్న పేరుకు అన్నిటిలోనూ ఒకే లావు ఉండదు. మ్యాక్ కంప్యూటరుతో వచ్చే ఫ్యూచురాలో నిటారు బోల్డ్ ఉంది, మీడియం ఇటాలిక్ ఉంది, బోల్డ్ వాలు రూపం మాత్రం లేదు; అక్కడ దానిని సాఫ్ట్‌వేర్‌తో వంచితే వచ్చేది ఇందాక చెప్పిన రబ్బరు ఉంగరమే. అచ్చుకు, వెబ్‌సైటుకు, యాప్‌కు లైసెన్సులు విడివిడిగా ఉంటాయి గనుక క్లయింటు రేపు వెబ్‌సైటు కూడా కావాలంటాడేమో ముందే అడిగి కొనడం మంచిది. డబ్బు పెట్టలేనివారు ఓవెన్ ఎర్ల్ తయారుచేసి ఉచితంగా విడుదల చేసిన యోస్ట్ ఫాంటును చూడవచ్చు. 1920ల నాటి జర్మన్ అక్షరాల బాటలోనే గీసినది, వాలు రూపాలు కూడా ఉన్నాయి. చిన్న పనులకు అది చాలు.

రూపాయి గుర్తు సంగతి కూడా మరచిపోకూడదు. ఆ గుర్తు మనకు 2010లో వచ్చింది. అంతకు ముందు తయారై, మళ్లీ దిద్దుబాటుకు నోచుకోని ఫ్యూచురా ప్రతులలో అది ఉండదు. ధర టైపు చేస్తే అంకెలన్నీ లావుగా ముందుకు వాలి ఉంటాయి, గుర్తు మాత్రం వేరే ఫాంటు నుంచి వచ్చి సన్నగా నిటారుగా నిలబడుతుంది. నేను కొన్న ప్రతిలో పరిస్థితి అదే కావడంతో, పెద్ద ఆర్ అక్షరం నిలువు గీతను తీసేసి, అడ్డగీతలు కలిపి, రెండు గంటలు కూర్చుని ఆ గుర్తును చేత్తో గీసుకోవలసి వచ్చింది. కొనబోయేవారు అమ్మకపు పేజీలో నమూనా పంక్తి టైపు చేసే పెట్టె ఉంటే అందులో తమ ఊరి పేరుతో పాటు ఒక ధరను కూడా కొట్టి చూసుకుంటే ఆ రెండు గంటలు మిగులుతాయి.